తిరుమల ఘాట్ దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తబడింది. తప్పు ఎక్కడ చేశాను?

కావలి_కుర్రాడు
అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మొన్న ఆదివారం అమ్మానాన్న, అక్కాబావలతో తిరుమల వెళ్ళాం. మాది ఎనిమిదేళ్ళ పాత పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. ఐదుగురం, డిక్కీ నిండా సామాన్లు. దర్శనం బాగా జరిగింది. మధ్యాహ్నం దిగుడు దారిలో బయలుదేరాం. మూడో గేరు, నాలుగో గేరులో వస్తూ, మలుపు మలుపుకీ బ్రేకు నొక్కుతూ వచ్చాను. నిజం చెప్పాలంటే బ్రేకు మీది నుంచి కాలు తీసిన గుర్తే లేదు.

సగం దూరం వచ్చేసరికి ఏదో కాలిన వాసన. ముందు వెళ్తున్న జీపుదేమో అనుకున్నాను. ఇంకో రెండు మలుపులు తిరిగాక పెడల్ ఎప్పటికన్నా కిందికి పోయింది. మళ్ళీ నొక్కాను, ఇంకా కిందికి. స్పాంజి మీద కాలు వేసినట్టుంది. గుండె ఆగినంత పనైంది. గబగబా నాలుగైదు సార్లు కొడితే కొంచెం పట్టింది. మొదటి గేరుకి మార్చి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఎలాగో ఆపాను. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం నుంచి సన్నగా పొగ.

బావ నీళ్ళ సీసా తీసి చక్రం మీద పోయబోతే, వెనకొచ్చిన జీపు డ్రైవర్ "పొయ్యొద్దు, పొయ్యొద్దు!" అని అరిచి ఆపాడు. అరగంట పైనే నిలబడ్డాం. ఆ తర్వాత అలిపిరి దాకా రెండో గేరులోనే వచ్చాం, ఏమీ కాలేదు.

అమ్మ ఆ రోజు నుంచి కారెక్కనంటోంది. అసలు ఏం జరిగింది? బండి లోపమా, నా లోపమా?

లారీ_మల్లన్న
తమ్ముడూ, అందరూ క్షేమంగా ఇల్లు చేరారు, ముందు అదే సంతోషం.

నేను ఖమ్మం నుంచి లారీ నడుపుతాను, 26 ఏళ్ళు. క్లీనర్‌గా చేరిన మొదటి వారంలోనే మా గురువు చెప్పిన మాట: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. ఎక్కేటప్పుడు ఆ కొండకు నీకు రెండో గేరు పట్టిందంటే, దిగేటప్పుడూ రెండో గేరే. నువ్వు నాలుగో గేరులో దిగావు. అంటే బండి బరువు మొత్తం బ్రేకుల మీద వేశావు. ఇంజిన్ ఊరికే కూర్చుంది.

పల్లంలో బండిని గేరుతో పట్టాలి. బ్రేకు మలుపు దగ్గర కొట్టి వదలడానికి. కాలు పెట్టి ఉంచడానికి కాదు.

కావలి_కుర్రాడు
మల్లన్నా, రెండో గేరు వేస్తే ఇంజిన్ బాగా అరుస్తుంది కదా, పాడవుతుందేమోనని భయం.

వలీ_మెకానిక్
నంద్యాల నుంచి. మాకు చిన్న షెడ్డు ఉంది. ఈ భయం నా దగ్గరికి వచ్చే ప్రతి రెండో మనిషికీ ఉంటుంది కాబట్టి వివరంగా రాస్తాను.

ఘాట్‌లో రెండో గేరులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే చిన్న పెట్రోల్ బండికి ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్లో ముల్లు రెండు వేలు, రెండున్నర వేల మధ్య ఉంటుంది. దాటకూడని ఎర్ర గీత ఎక్కడో ఆరు వేల దగ్గర. మీరు హైవేలో ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంతకంటే ఎక్కువ తిప్పుతారు. అప్పుడు పాటల సౌండులో వినపడదు, ఇక్కడ కిటికీ దించి ఉంటుంది కాబట్టి వినపడుతుంది. అంతే తేడా. వాలు మరీ ఎక్కువగా ఉండి ముల్లు పైకి ఎగబాకుతుంటే ఒకసారి గట్టిగా బ్రేకు కొట్టి వేగం తగ్గించి వదలండి.

ఇక మీ పెడల్ సంగతి. బ్రేకులు వేడెక్కితే రెండు రకాలుగా మొరాయిస్తాయి. ఒకటి, చక్రంతో తిరిగే డిస్క్‌ను నొక్కిపట్టే ప్యాడ్‌లు కాలి పట్టు తప్పుతాయి. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. రెండోది మీకు జరిగింది. పెడల్ మెత్తబడి కిందికి పోయిందంటే బ్రేక్ ఆయిల్ మరిగిందన్నమాట. ఆయిల్ ద్రవంగా ఉన్నంతసేపు నలగదు, మీ కాలి బలం నేరుగా చక్రానికి చేరుతుంది. మరిగి ఆవిరి బుడగలు పుట్టాయనుకోండి, మీరు తొక్కిన బలమంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది. గబగబా కొడితే కొంచెం పట్టిందన్నారు కదా, అలా కొట్టినప్పుడు పై నుంచి మరికొంత ఆయిల్ దిగి లైన్లో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే పట్టింది. ఆ సమయంలో మీరు చేసిన పని సరైనదే.

ఒక్క ప్రశ్న. బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్పించారు?

కావలి_కుర్రాడు
బ్రేక్ ఆయిల్ మార్చాలని నాకు తెలియదు వలీ గారూ. ఇంజిన్ ఆయిల్ మాత్రం ప్రతి సర్వీసుకీ మారుస్తున్నారు. బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తారనుకున్నాను.

వలీ_మెకానిక్
అక్కడే ఉంది అసలు సంగతి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డబ్బా మూత గట్టిగా బిగించినా, గొట్టాల గుండా కూడా ఏళ్ళ తరబడి మెల్లగా తేమ చేరుతూనే ఉంటుంది. డాట్ 3, డాట్ 4 అని బ్రేక్ ఆయిల్‌లో రకాలుంటాయి. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు పట్టాక అదే ఆయిల్‌కు లెక్క 140 డిగ్రీలు. డాట్ 4 అయితే కొత్తది 230, నీరు పట్టినది 155. చూశారా, ఎంత పడిపోయిందో! ఊళ్ళో తిరిగినంతకాలం ఆ తేడా తెలియదు, ఎందుకంటే అక్కడ బ్రేకులు అంత వేడెక్కవు. ఘాట్‌లోనే బయటపడుతుంది.

రెండేళ్ళకోసారి మార్చండి. బానెట్ తీసి డబ్బాలోకి చూస్తే చాలు, కొత్త ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది. టీ డికాషన్‌లా కనిపిస్తే ఎప్పుడో మార్చాల్సింది. డబ్బా మూత మీద ఏ రకం పోయాలో రాసి ఉంటుంది, అదే పోయించండి. డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, అది మామూలు బండ్లకు పనికిరాదు, కలపకూడదు. ఇంకోమాట, ఈ ఆయిల్ రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడిగేయాలి.

నీళ్ళు పోయొద్దన్న జీపు డ్రైవర్‌కు దండం పెట్టాలి. కాలిపోతున్న డిస్క్ మీద చన్నీళ్ళు పడితే అది వంకర పోతుంది, పగిలినా పగులుతుంది. గాలికి చల్లారనివ్వడమే మందు.

పద్మ_టీచర్
నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. "బ్రేకులు వేడెక్కుతాయి" అంటే ఎంత వేడో చాలామందికి అందదు. అందుకని ఒక లెక్క వేసి చూపిస్తాను.

తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 800 మీటర్లు. మనుషులతో, సామాన్లతో కలిపి మీ కారు 1,500 కిలోలు అనుకుందాం. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 118 లక్షల జూళ్ళు. మూడు కిలోవాట్ల గీజర్ గంట పైన నడిస్తే వచ్చే వేడి అది. మామూలు నీళ్ళను 35 లీటర్లకు పైగా సలసల మరిగించవచ్చు. గాలి ఒరిపిడికి, టైర్లకు కొంత పోయినా మిగిలిన వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. నాలుగో గేరులో బ్రేకు మీద కాలు పెట్టి దిగితే అదంతా అరచేతి పొడవు కూడా లేని ప్యాడ్‌ల దగ్గర పుడుతుంది. రెండో గేరులో దిగితే చాలాభాగం ఇంజిన్ తీసుకుంటుంది. ఇంజిన్‌కు రేడియేటర్ ఉంది, నీళ్ళున్నాయి, ఫ్యాన్ ఉంది. వేడిని వదిలించుకోవడం దానికి అలవాటైన పని.

తొమ్మిదో తరగతి పిల్లలకు స్థితిశక్తి పాఠం ఈ లెక్కతోనే మొదలుపెడతాను. వాళ్ళే పెద్దయ్యాక స్టీరింగ్ పట్టేది.

గోదారి_గట్టు
ఇంత టెన్షన్ ఎందుకండీ. మేం మారేడుమిల్లి ఘాట్‌లో న్యూట్రల్ చేసి దిగుతాం, అవసరమైనచోట బ్రేకు. పదేళ్ళుగా ఏమీ కాలేదు. పెట్రోలూ మిగులుతుంది.

లారీ_మల్లన్న
గట్టు తమ్ముడూ, పెద్దవాడిగా చెబుతున్నాను, ఆ అలవాటు ఈ రోజే మానెయ్. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు నేను ఎన్ని వందల సార్లు దిగానో లెక్కలేదు. న్యూట్రల్ చేస్తే బండిని పట్టేది బ్రేకు ఒక్కటే. అది కూడా పోతే పరుగు మీదున్న బండికి గేరు వేయాలి, ఆ వేగంలో చిన్న గేరు పడదు. గరగరమని అరుస్తుందే తప్ప లోపలికి పోదు. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడు జీవితంలో మళ్ళీ న్యూట్రల్ చేయడు.

లారీలకు గాలి బ్రేకులు. కాలు పెట్టి తీస్తూ ఉంటే ట్యాంకులో గాలి ఖర్చవుతుంది. చక్రంతో తిరిగే డ్రమ్ము వేడికి ఉబ్బి, దాన్ని లోపలి నుంచి పట్టే లైనింగ్‌కు దూరం జరుగుతుంది. మేం ఘాట్ మొదట్లోనే ఆపి, చక్రాలు చూసుకుని, చిన్న గేరు వేసి, ఇంజిన్ పొగను అడ్డగించి బండిని పట్టే ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టుకుని దిగేది ఇందుకే. గేరు పైనే వేసుకోవాలి. పల్లంలోకి జారాక వేద్దామనుకుంటే ఆలస్యమైపోయినట్టే.

వలీ_మెకానిక్
గట్టు గారూ, పెట్రోలు మిగులుతుందన్నది ఈ రోజుల్లో నిజం కాదు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరు వేసి ఉండి, యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఎంతో కొంత కాలుతూనే ఉంటుంది. అంటే గేరులో దిగినవాడికే పెట్రోలు మిగులుతుంది. న్యూట్రల్‌లో మిగులుతుందన్నది పాత కార్బ్యురేటర్ ఇంజిన్ల కాలంనాటి లెక్క, ఇప్పటికీ నోటి మాటగా తిరుగుతోంది.

పల్లంలో ఇంజిన్ ఆపి దిగేవాళ్ళూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్ ఇంజిన్ నడిస్తేనే పని చేస్తుంది. ఆపాక రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుస్తుంది. పవర్ స్టీరింగూ ఉండదు. తాళం బయటికి లాగారంటే స్టీరింగ్ లాక్ అయిపోతుంది.

జగిత్యాల_బిడ్డ
మాది కొండగట్టు దగ్గరి ఊరు. 2018 సెప్టెంబర్ 11 మేం మర్చిపోలేము. ఆ ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. మా చుట్టుపక్కల ఊళ్ళ మీద ఆ వారమంతా డప్పు చప్పుడు ఆగలేదు. ఒకే బస్సులో కిక్కిరిసి ఎంతమంది ఎక్కారో ఆ తర్వాత అందరికీ తెలిసింది. కారణాల మీద నేను తీర్పు చెప్పను. కానీ పల్లం దారిలో బరువు ఎంత మార్పు తెస్తుందో మా ఊరివాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

న్యూట్రల్‌లో దిగి ఏమీ కాలేదు అని రాసిన అన్నకు: ఏమీ కాకపోవడం మీ అదృష్టం. మీ బండిలో కూర్చున్నవాళ్ళను తలచుకోండి.

గోదారి_గట్టు
మల్లన్న గారూ, వలీ గారూ, జగిత్యాల మిత్రమా... ఒప్పుకుంటున్నాను. పెట్రోలు లెక్క నాకు నిజంగా తెలియదు. ఇక న్యూట్రల్ చేయను. మా తమ్ముడికీ ఈ పోస్టులు చదివి వినిపించాను, వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు.

డెన్వర్_తెలుగు
ఇక్కడ అమెరికాలో, కొలరాడోలో పైక్స్ పీక్ అని 14 వేల అడుగులు దాటిన కొండ. శిఖరం దాకా కార్లు వెళ్తాయి. దిగేటప్పుడు గ్లెన్ కోవ్ అనే చోట సిబ్బంది ప్రతి కారునూ ఆపి, చిన్న పరికరాన్ని చక్రం వైపు చూపించి బ్రేకు వేడి కొలుస్తారు. ఎక్కువుంటే పక్కకు పెట్టించి, చల్లారాకే వదులుతారు. మొదటిసారి మా కారును పక్కన పెట్టించారు. ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మాది ఆటోమేటిక్, డి లో పెట్టి మామూలుగా దిగాను. ఆ సిబ్బందిలో ఒకాయన కిటికీలోంచి లోపలికి చూసి, గేరు లివర్ మీద ఎల్ అనే అక్షరం చూపించి "ఇది దేనికి ఉందనుకున్నావు?" అని అడిగాడు. అప్పటికి ఆ కారు కొని మూడేళ్ళు.

మన ఘాట్‌ల కింద కూడా ఇలాంటి తనిఖీ ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది.

కొత్త_డ్రైవరమ్మ
నాది ఆటోమేటిక్. మరి నేనేం చేయాలి? డి తప్ప ఇంకేదీ ఎప్పుడూ వాడలేదు.

వలీ_మెకానిక్
అమ్మా, మీ లివర్ మీద ఎల్, 2, ఎస్, బి, లేదా ప్లస్ మైనస్ గుర్తులతో ఎం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. పల్లంలో దాన్ని వాడాలి. ఎం ఉంటే మీరే రెండో గేరుకి దించి పెట్టుకోవచ్చు. ముందు ఖాళీగా ఉన్న ఫ్లైఓవర్ దిగుడులో ఒకసారి అలవాటు చేసుకోండి, ఘాట్‌లో మొదటిసారి వెతుక్కోకూడదు.

ఈవీ_మదనపల్లె
కరెంటు కార్లవాళ్ళకు ఒక మాట. మా బండిలో యాక్సిలరేటర్ వదిలితే మోటారే వెనక్కి లాగి బ్యాటరీ ఛార్జ్ చేస్తుంది, ఘాట్ దిగడానికి ఇంతకన్నా హాయి లేదు. కానీ హార్స్‌లీ హిల్స్‌లో రాత్రి ఉండి, పొద్దున్నకల్లా నూటికి నూరు శాతం ఛార్జ్ చేసి బయలుదేరాను. మొదటి మలుపులోనే బండి ఎప్పటిలా పట్టలేదు. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటు పోయే చోటు లేదు కదా! స్క్రీన్ మీద ఆ సందేశం వస్తుంది, నేనే చదవలేదు. కొండ మీద ఛార్జ్ చేస్తే 85, 90 దగ్గర ఆపేయండి.

సుజాత_విశాఖ
దిగుడు గురించి చాలా చెప్పారు. బండి నిలబెట్టే సంగతి కూడా రాయాలని వచ్చాను, ఎందుకంటే నా కారు ప్రమాదం కదిలే రోడ్డు మీద జరగలేదు.

మా అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంపు బాగా ఏటవాలు. ఒకరోజు సాయంత్రం పైకి వస్తుంటే ర్యాంపు పైభాగంలో పిల్లల సైకిల్ అడ్డంగా పడి ఉంది. తీసి పక్కన పెడదామని, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగి దిగాను. లాగాను అంటే మూడు టిక్కులు. ఎప్పుడూ అంతే లాగేదాన్ని. సైకిల్ పట్టుకుని వంగానో లేదో, వెనకాల చక్రాల కింద ఇసుక నలిగిన చప్పుడు. తిరిగి చూసేసరికి కారు వెనక్కి వెళ్తోంది. తలుపు పట్టుకుని రెండడుగులు పరుగెత్తాను, అది కూడా తప్పేనట. చేయి జారింది. కారు పోయి పిల్లరుకు గుద్దుకుంది. డిక్కీ లోపలికి పోయింది.

పోతే పోయింది. కానీ వాచ్‌మన్ గారి పాప అంతకు రెండు నిమిషాల ముందు ఆ పిల్లరు దగ్గర కూర్చుని బొమ్మలు ఆడుకుంటోంది. వాళ్ళమ్మ అన్నానికి పిలిస్తే లేచి వెళ్ళింది. ఆ స్టీలు గిన్నెలు అక్కడే ఉన్నాయి, ఒకటి చక్రం కింద చప్పిడి అయిపోయింది. ఆ గిన్నె ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంటుంది.

దయచేసి చెబుతున్నాను, అరనిమిషానికి దిగినా ఇంజిన్ ఆపండి, గేరు వేయండి, హ్యాండ్ బ్రేక్ చివరిదాకా లాగండి.

వలీ_మెకానిక్
సుజాత గారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. రాసినందుకు ధన్యవాదాలు.

హ్యాండ్ బ్రేక్ కేబుల్ కాలం గడిచేకొద్దీ సాగుతుంది. చాలా బండ్లలో ఐదు నుంచి ఎనిమిది టిక్కుల లోపల గట్టిగా పట్టాలి. పది దాటినా పట్టడం లేదంటే బిగించాల్సిందే, ఏ షెడ్డులోనైనా కొద్దిసేపటి పని.

వాలు మీద ఆపే వరుస ఇది. కాలి బ్రేకు తొక్కిపట్టే ఉంచండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగండి. ఇంజిన్ ఆపండి. ముందు భాగం పైకి ఉంటే మొదటి గేరు, పల్లం వైపు ఉంటే రివర్స్ గేరు వేయండి. అప్పుడు కాలు మెల్లగా తీయండి. గేరులో పెడితే గేర్‌బాక్స్ పాడవుతుందని కొందరంటారు. పాడవదు. మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు క్లచ్ తొక్కడం మాత్రం మర్చిపోవద్దు.

ఆటోమేటిక్‌లో చాలామంది నేరుగా పి లో పెట్టి కాలు తీసేస్తారు. పి అంటే లోపల వేలంత ఇనప ముక్క ఒకటి పళ్ళ చక్రంలో ఇరుక్కుంటుంది. కారు బరువంతా దాని మీద వేలాడదీయకూడదు. కాలు బ్రేకు మీదే ఉంచి ముందు ఎన్, తర్వాత హ్యాండ్ బ్రేక్, ఆపైన ఒక్కక్షణం కాలు వదిలి బండి బ్రేకు మీద నిలిచిందో లేదో చూసి, అప్పుడు పి.

ఘాట్ దిగి వేడి వేడిగా ఆపినప్పుడు ఇంకో చిక్కు. వెనక డిస్క్ బ్రేకులున్న బండ్లలో అవి చల్లారి కుంచించుకుపోయి హ్యాండ్ బ్రేక్ పట్టు వదులవుతుంది. టీ తాగి వచ్చేసరికి బండి జారి ఉండటం చూశాను. గేరు ఉండాల్సిందే, కుదిరితే చక్రం కింద రాయి.

లారీ_మల్లన్న
చక్రాలు కూడా తిప్పి ఉంచాలి. ఒకవేళ జారితే గట్టుకో కొండకో తగిలి ఆగేటట్టు. కొందరు ఎప్పుడూ ఎడమకే తిప్పమంటారు. ఘాట్‌లో ఎడమ పక్క లోయ ఉంటే? దిగి చూసి, ఏ వైపు జారితే ఆగుతుందో ఆ వైపు తిప్పు.

సుజాత_విశాఖ
ఇంకొకటి. వైజాగ్ గాలికి తుప్పు ఎక్కువ. వానాకాలంలో మూడు వారాలు ఊరెళ్ళి వస్తే వెనక చక్రాలు కదల్లేదు, బ్రేకు అతుక్కుపోయింది. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో ఉంచి, చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టమని మెకానిక్ చెప్పాడు. ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

కొత్త_డ్రైవరమ్మ
మొన్న వానలో ఒక కుక్క అడ్డొస్తే గట్టిగా బ్రేకు తొక్కాను. పెడల్ కాలి కింద గడగడా కొట్టుకుంది. విరిగిందేమోనని భయపడి కాలు తీసేశాను. అదృష్టం కొద్దీ కుక్క తప్పించుకుంది. షోరూమ్‌లో అడిగితే ఏబీఎస్ అన్నారు, సరిగా అర్థం కాలేదు.

పద్మ_టీచర్
చక్రం తిరగకుండా బిగుసుకుపోతే కారు జారుతుంది, స్టీరింగ్ తిప్పినా మాట వినదు. ఏబీఎస్ చక్రం బిగుసుకోబోతున్న క్షణంలో బ్రేకును వదిలి, మళ్ళీ పట్టి, సెకనులో ఎన్నోసార్లు ఆ పని చేస్తుంది. మీ కాలికి తగిలిన గడగడ అదే. విరగలేదు, పని చేస్తోంది. కాలు అలాగే గట్టిగా తొక్కి ఉంచి, స్టీరింగ్‌తో తప్పించుకోవాలి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంతకు ముందువి కొన్నింటిలో ఉండదు. అలాంటివాటిలో చక్రాలు జారుతున్నట్టనిపిస్తే కాస్త వదిలి మళ్ళీ తొక్కాలి.

అయితే ఏబీఎస్ ఉంది కదా అని ముందు బండికి అంటుకుని పోకూడదు. గంటకు 60 వేగంలో మీకు విషయం తెలిసి కాలు బ్రేకు మీదికి వెళ్ళే ఒక్క సెకనులోనే కారు 17 మీటర్లు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్లు. వేగం రెట్టింపైతే ఈ రెండో లెక్క నాలుగింతలు అవుతుంది. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ.

నల్లగొండ_నాని
చిన్న విషయం. డ్రైవర్ సీటు కింద నీళ్ళ సీసా పెట్టకండి. ఔటర్ మీద మా కారులో లీటరు సీసా దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ వెనక ఇరుక్కుంది. పెడల్ సగమే దిగింది. నేను కాలితోనే దాన్ని పక్కకు తన్నేలోపు ముందు బండి వెనక బంపర్ అంగుళాల దూరంలో ఉంది. మ్యాట్ కూడా పెడల్ కిందికి పాకకుండా కొక్కేనికి తగిలించండి.

కావలి_కుర్రాడు
అందరికీ చేతులెత్తి దండం. ఒక ప్రశ్న మిగిలింది, అక్క అడగమంది. ఆ రోజు ఎంత కొట్టినా బ్రేకు పట్టకపోయి ఉంటే ఏం చేయాలి?

లారీ_మల్లన్న
అక్కకు చెప్పు. మొదట పెడల్ గబగబా కొడుతూనే ఉండాలి. అదే సమయంలో గేర్లు ఒక్కొక్కటిగా దించాలి. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు. ఒకేసారి మొదటిదానికి దూకితే పడకపోవచ్చు, పడితే చక్రాలు జారవచ్చు. హ్యాండ్ బ్రేక్ కొసన ఉన్న బటన్ నొక్కిపట్టి మెల్లమెల్లగా లాగాలి, ఒక్క గుంజు గుంజితే బండి తిరిగిపోతుంది. హ్యాండ్ బ్రేక్‌కు బదులు స్విచ్ ఉండే కొత్త బండ్లలో ఆ స్విచ్‌ను లాగి పట్టుకునే ఉంటే బండే తనంతట తాను ఆపుతుంది. హారన్ కొడుతూనే ఉండు, లైట్లు వేయి. ఇంజిన్ ఆపొద్దు, తాళం తీయొద్దు. అయినా ఆగకపోతే కొండ వైపుకి ఆనించి రాసుకుంటూ పోనీ. తలుపులు పోతాయి, అద్దాలు పోతాయి. పోనీ.

కావలి_కుర్రాడు
రెండు వారాల తర్వాత రాస్తున్నాను.

బండి షెడ్డులో చూపించాను. ముందు ప్యాడ్‌లు రెండు మిల్లీమీటర్లే మిగిలాయట, మూడు దగ్గరే మార్చాల్సింది. ఆయిల్ వలీ గారు చెప్పినట్టే డికాషన్ రంగు. ప్యాడ్‌లు, ఆయిల్ రెండూ మార్పించి, హ్యాండ్ బ్రేక్ బిగించారు. ఇప్పుడు ఆరో టిక్కుకి పడుతోంది.

నిన్న నాన్నను తీసుకుని మళ్ళీ తిరుమల వెళ్ళాను. మొక్కు ఒకటి మిగిలిందని ఆయనే అడిగారు. దిగేటప్పుడు పైన టోల్‌గేట్ దాటకముందే రెండో గేరు. దిగుడుకు కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది కదా, ఆ లెక్కన గంటకు 30 లోపే రావాలి. ఆ వేగం రెండో గేరుకి అతికినట్టు సరిపోయింది. ఇన్నేళ్ళూ ఆ నియమం పోలీసుల కోసం అనుకున్నాను. కొన్ని మలుపుల దగ్గర మాత్రం గట్టిగా ఒకసారి కొట్టి వదిలాను. "ఇంజిన్ ఎందుకురా అలా మూలుగుతోంది?" అని నాన్న రెండుసార్లు అడిగారు. పద్మ గారి గీజర్ లెక్క చెప్పాను. అలిపిరి వచ్చేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

కింద ఆపి చక్రం దగ్గర చేయి పెట్టి చూశాను, తగలకుండా. పోయినసారి జానెడు దూరంలోనే సెగ కొట్టింది. నిన్న పొయ్యి ఆర్పిన గంటకు ఉండేంత వెచ్చదనం. వాసన లేదు. నాన్న అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేసి ఏదో చెప్పారు. వచ్చే నెల నెల్లూరు పెళ్ళికి అమ్మ కారులోనే వస్తానంది.

మా వీధి వడ్రంగి చేత రెండు తుమ్మ చెక్కలు చక్రం కింద పెట్టడానికి చేయించి డిక్కీలో వేశాను.

లారీ_మల్లన్న
మంచి పని చేశావు తమ్ముడూ. ఆ చెక్కలకు తాడు కట్టి, పెట్టినప్పుడల్లా రెండో కొస డ్రైవర్ తలుపు పిడికి ముడేయి. తలుపు తీయబోతే చేతికి తగులుతుంది, చెక్క తీయకుండా బయలుదేరవు.

కావలి_కుర్రాడు
ఈ సాయంత్రమే కడతాను అన్నా.